తుడవకూడని గాజు

డాబా నిండా పావురాల రెట్టలే. ఎండకు ఉడికిన ఆ కంపుకు లేడీ ఇన్‌స్పెక్టర్ ముక్కు మూసుకుంది.

సోలార్ ప్యానెళ్ళ మధ్య శవం బోర్లా పడి ఉంది. తల వెనక దెబ్బ. పక్కనే పెద్ద స్పానర్. దాని మీద వేలిముద్రలు లేవు.

చనిపోయినవాణ్ని వీధంతా ‘ఎండ మేష్టారు’ అనేది. ప్యానెళ్ళ మీద పడే ఎండ తీవ్రతను కొలిచే మీటర్లు చవగ్గా తయారుచేసేవాడు. అలాంటిదొకటి ప్యానెల్ అంచుకు బిగించి ఉంది. పక్కపక్కన రెండు సోలార్ ముక్కలు, ఒక్కోటీ అగ్గిపెట్టెంత. పైన గాజు, కింద వైర్లు.

ఇన్‌స్పెక్టర్ అక్కడే ఆగింది. ప్యానెళ్ళన్నీ రెట్టలతో అట్టలు కట్టాయి. మీటర్ గాజులు రెండూ మాత్రం తళతళలాడుతున్నాయి. వాటి మధ్య సందులో సన్నటి ఎర్ర గీత.

“ఎవరో నెత్తురు తుడిచేశారు మేడం,” అన్నాడు కానిస్టేబుల్.

కింద గదిలో మేష్టారి అన్న ఫ్యాన్ కింద కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఇంకెవరండీ? మా మరదలే! పొద్దున మొగుడూ పెళ్ళాల అరుపులు పక్కింటికి వినబడ్డాయట. ఇంట్లో ఉన్నది ఆవిడొక్కతే. ఇంకా బేడీలు వెయ్యరేం?”

చాక్లెట్ రంగు రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. రుమాలు అంచున ఎండిపోయిన తెల్లటి మరక. చీమిడి అనుకుని ఇన్‌స్పెక్టర్ మొహం తిప్పుకుంది.

“మీరు డాబా ఎక్కారా?”

“నేనా? ఆ రొచ్చులోకా? జన్మలో ఎక్కలేదు. ప్యానెళ్ళు అమ్మడం నా పని, ఎక్కడం వాడి పని.” అని, గొంతు తగ్గించి, “చల్లగా తాగడానికి ఏమన్నా దొరుకుతుందా?” అన్నాడు.

తమ్ముడి శవం ఇంకా కిందికి దిగలేదు.

మేష్టారి భార్య వంటింటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కంట్లో చుక్క నీరు లేదు.

“పొద్దున గొడవ నిజమేనా?”

“నిజమే మేడం. బావగారు బడికి అంటగట్టినవి పాత ప్యానెళ్ళట. రేపు బడివాళ్ళకి చెప్పేస్తానన్నారు మా ఆయన. సొంత అన్నని వీధికీడుస్తారా అని అరిచాను. బావగారిని వెనకేసుకొచ్చింది నేనే మేడం!”

“అంతా అబద్ధం!” గదిలోంచి కేక. “ప్యానెళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. రెట్టలు పడి కరెంటు తగ్గింది, అంతే!”

మేష్టారి బల్ల మీద ఇంకో మీటర్ ఉంది. బడి మీంచి విప్పి తెచ్చినది. ఎడమ గాజు మీద పల్చటి దుమ్ము. కుడి గాజు మీద దళసరిగా ఎండిన రెట్టల మురికి.

ఇన్‌స్పెక్టర్ దాన్ని వంటింట్లోకి తెచ్చింది. “కాస్త తుడిచివ్వమ్మా.”

ఆమె ఎడమ గాజు తుడిచింది. ఆపింది.

“రెండోది?”

“అమ్మో! అది తుడవకూడదండీ. ప్యానెళ్ళతో పాటే మురికి పట్టాలి. ఈ రెంటికీ ఎంత తేడా వస్తే, మురికి వల్ల అంతే పోయినట్టు. కరెంటు ఇంకా ఎక్కువ తగ్గిందంటే, తప్పు ప్యానెళ్ళదేనట. పెళ్ళయిన కొత్తలో తెలీక తుడిచేశాను. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.”

ఇన్‌స్పెక్టర్ మీటర్‌ని ఫ్యాన్ కింద కూర్చున్న అన్న దగ్గరికి తీసుకెళ్ళింది.

“ఫొటో తీయాలి. కాస్త శుభ్రం చేస్తారా?”

“ఈ పనులు కూడా మాకేనా?” విసుక్కుంటూనే జేబులోంచి రుమాలు తీశాడు. కుడి గాజును గోకి గోకి తుడిచాడు.

రుమాలు మీద కొత్త మరక. తెల్లగా, గరుగ్గా. పాత మరకకు తోడబుట్టినట్టుంది.

“డాబా మీద గాజులు రెండూ తుడిచింది ఈ ఇంటి మనిషి కాదు,” అంది ఇన్‌స్పెక్టర్. “రెండోది తుడవకూడదని తెలియనివాడు. మరి జన్మలో డాబా ఎక్కనివాడి రుమాలుకి ఆ పాత రెట్టల మరకెక్కడిది?”

అతను రుమాలు జేబులో కుక్కుకోబోయాడు.

“ఆ రంగులో నెత్తురు కనబడదు. ల్యాబ్‌లో కనబడుతుంది.” వేలి కొసలతో రుమాలు లాక్కుని కవర్లో పడేసింది. “తమ్ముడి నెత్తురు తుడిచిన గుడ్డ! ఏడవడానికి ఇంకో గుడ్డ దొరకలేదురా నీకు?”

కానిస్టేబుల్ బేడీలు తీశాడు.

గుమ్మంలో మేష్టారి భార్య. ఆమె చూపు అతని ముందున్న మీటర్ మీదే ఉంది.

“రెండోది కూడా తుడిచేశారా బావగారూ...”

అప్పుడు ఏడ్చింది.