గేటు దగ్గర తూకం

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. కరుణ తార్నాకలో ఆ ఫ్లాట్ బెల్లు కొడితే తలుపు బెత్తెడే తెరుచుకుంది. సందులోంచి ఓ కుర్రాడు మర్యాదగా చెప్పాడు.

"మా ఇంట్లో అందరం బంద్‌లోనే ఉన్నామండీ. టీవీ కూడా ఆపేశాం."

కరుణకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. యూనివర్సిటీ పిల్ల అంటే చాలు, వీళ్లకి జెండానే కనబడుతుంది.

"బంద్ కోసం కాదు. మీ అక్క బిడ్డను చూడనీకి వచ్చిన," అంటూ సంచిలోంచి వేలాడే కాంటా తీసి చూపించింది.

కరుణ సోషల్ వర్క్ చదువుతోంది. పిల్లల క్లినిక్ పంపిన ఇళ్లకు వారం వారం వెళ్లి, పసివాళ్ల బరువు చూసి, తల్లులకు ధైర్యం చెప్పడం ఆ చదువులో భాగం. ఇక్కడ బిడ్డ కిట్టు, రెండు నెలలవాడు, బరువు పెరగడం లేదు. వచ్చినవాళ్లంతా తల్లి మనీషాలో తప్పులే ఎంచి వెళ్తున్నారు. కరుణ మాత్రం వేరే మాట చెప్పింది.

"మీ గొంతు వినంగనే తల తిప్పిండు, చూసిన్రా? మీరు మంచిగనే సాకుతున్నరు."

మనీషా బావురుమంది.

ఫ్లాట్‌లో కాంటా తగిలించడానికి దూలం లేదు. అందుకని ఆ రోజు తలుపు తీసిన మనీషా తమ్ముడు శశిభూషణే ప్రతి గురువారం చెయ్యెత్తి పట్టుకునేవాడు. ముల్లు ఊగుతోంది, జర ఊపిరి బిగబట్టమని కరుణ ఆటపట్టించేది. ముల్లు మాత్రం మూడు కిలోల వంద గ్రాముల దగ్గరే మొరాయించింది.

నాలుగో గురువారానికీ పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. సరిగ్గా ఆ రోజే పోలీసులు క్యాంపస్ గేట్లు మూసేశారు. లోపల చిక్కుకున్న కరుణ ఫోన్ చేసి రాలేనని చెప్పింది.

అరగంటలో అక్కాతమ్ముళ్లు కిట్టును ఎత్తుకుని గేటు దగ్గరికే వచ్చేశారు. కరుణ ఊచల సందులోంచి కాంటా అందించింది. శశి చెయ్యెత్తాడు. కిట్టు టోపీ కానిస్టేబుల్ చేతికి చేరింది. నినాదాలిస్తున్న కుర్రాళ్లు కాసేపు ఆగి మెడలు సాచారు.

మూడు కిలోల మూడు వందలు.

చప్పట్లు మోగాయి. ఆ గేటు దగ్గర ఉద్యమాన్ని చూసి కరుణ ఎన్నోసార్లు గర్వపడింది. తన పనిని చూసుకుని గర్వపడటం ఇదే మొదలు.

శశి మొహం మాత్రం చిన్నబోయింది.

"వాడు కోలుకుంటున్నాడు. ఇక మీరు రావడం మానేస్తారేమో. నాకు మీరు రావాలని ఉంది కరుణగారూ, తూకం కోసం కాదు."

కరుణ చెంపలు వేడెక్కాయి.

"ఇంకో రెండు నెల్లు కిట్టు కోసం వస్తా. ఆ తర్వాత మీరు తలుపు మొత్తం తెరుస్తమంటే, చుట్టంలెక్క వస్తా."

శశి నోరు తెరిచేలోపే మనీషా అందుకుంది.

"వాడిదేముందమ్మా, తలుపు నేను తీస్తాను. నువ్వు రా."