ఏసుపాదం మీసం, భద్రమ్మ ఉప్పు

గుణదలలో ఎవరినైనా అడగండి. కాలవ గట్టు దిగితే మూతపడ్డ బియ్యం మిల్లు, దాని వెనక మూడు దార్లు కలిసే చోటు ఉంది చూశారూ... చీకటి పడ్డాక అటు కుక్క కూడా పోదు. వెళ్ళిన కుక్క ఒకటుందిట. అది ఆ రోజు నుంచీ మొరగడం మానేసిందని చెప్పుకుంటారు.

అక్కడుండేది భద్రమ్మ.

మిల్లు ఆడే రోజుల్లో జట్టు కూలీలకి వండి పెట్టేది. చేతి వంట అమృతం. ఒక సాయంత్రం పొయ్యి మీద చేపల పులుసు తెర్లుతోంది. ఉప్పు చూద్దామని గరిటె ఎత్తింది... గరిటె నోటి దాకా రాలేదు. గుండె ఆగిపోయింది. ఉప్పు సరిపోయిందో లేదో తెలియకుండానే పోయిందండీ ఆ మహాతల్లి! ఆ బెంగతో ఇప్పటికీ తిరుగుతోంది.

చేతిలో గిన్నె ఉంటుంది. ఎదురుపడ్డవాడికి నాలుక చాపి చూపిస్తుంది. "ఉప్పు చూస్తావా నాయనా?" అంటుంది. తక్కువైందంటే కోపం. ఎక్కువైందంటే ఏడుపు. ఏమీ అనకపోతే మాత్రం... మన నాలుక పట్టుకుపోతుంది.

ఆవిడ కనపడ్డాక ఒక పాలవాడికి నోటికి రుచే తెలియకుండా పోయిందిట. ఏవి పాలో ఏవి నీళ్ళో తేడా తెలియడం లేదని ఇంటింటికీ చెప్పుకుని ఏడ్చాడు. పాలవాడు కాబట్టి ఆ జబ్బు వాడికి బాగానే కలిసొచ్చింది.

ఇవన్నీ తెలిసే ఏసుపాదం పందెం కాశాడు.

ఏసుపాదం ఆటోనగర్‌లో లారీలకి రంగులేసే పెయింటరు. మనిషి సన్నం, మీసం లావు. పాతికేళ్ళ మీసం! రోజూ ఆముదం రాసి మెలేస్తాడు. అతని భార్య తెరేసమ్మ హాస్పిటల్లో నర్సు. "ఒంట్లో రక్తమంతా ఆ మీసానికే పోతోంది" అని తిట్టి, ఐరన్ టానిక్కు సీసా ఒకటి భోజనం క్యారేజీ సంచిలో పడేసింది. అది తాగితే నోరు బొగ్గులా అవుతుంది. అయినా తాగుతాడు. తాగకపోతే తెరేసమ్మకి తెలిసిపోతుంది, నాలుక చూస్తుంది కదా.

ఆ రోజు కొండ మీది మరియమ్మ తిరునాళ్ళకి ముందు రోజు. సాయంత్రం టీ కొట్టు దగ్గర బామ్మర్ది లాజరు పుల్ల పెట్టాడు.

"బావా, తిరునాళ్ళ జనంతో మెయిన్ రోడ్డు మూసేశారు. మిల్లు వెనక నుంచి రావాలి ఇంటికి. నేను తోడు రానా?"

"నాకు తోడెందుకురా? దెయ్యం లేదు, గియ్యం లేదు!"

"ఉంటే? నిన్ను చూసి అదే పరిగెడుతుందా ఏంటి?"

"పరిగెడుతుంది! ముందు నేను పరిగెత్తానా... ఈ మీసం నువ్వే గీకెయ్. మరియమ్మ తల్లి మీద ఒట్టు, జరిగింది జరిగినట్టు చెప్తా."

టీ కొట్టులో పదిమందీ విన్నారు. లాజరు గ్లాసు కింద పెట్టి, "తెల్లారి ఆరింటికి కత్తి పట్టుకుని వస్తా బావా" అన్నాడు.

పందెం కాశాడు గానీ ఏసుపాదానికి అప్పుడే మీసం మీద బెంగ పట్టుకుంది. మీసం పోతే ఇంకేముంది? పెళ్ళిలో మావగారు కూడా మీసం చూసే పిల్లనిచ్చాడు.

పని తెమిలేసరికి తొమ్మిదిన్నర. లారీ క్యాబిన్‌కి పట్టించిన పుట్టీని ఎమిరీ కాగితంతో రుద్దీ రుద్దీ, నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లటి పొడి. కడుక్కుందామంటే కుళాయిలో నీళ్ళు లేవు. సరే ఇంటికెళ్ళి పోసుకుందాం అనుకుని అలాగే బయల్దేరాడు.

గట్టు దిగాడు.

అమావాస్య దగ్గర పడింది, చీకటి చిక్కగా ఉంది. కొండ మీద మాత్రం సీరియల్ బల్బులు మెరుస్తున్నాయి. ఇక్కడ... కాలవ నీళ్ళ చప్పుడు, అతని చెప్పుల చప్పుడు. ధైర్యానికి ఒక గుక్క పడితే బాగుండును అనిపించింది. తెరేసమ్మ మాన్పించి ఎనిమిదేళ్ళయింది. సంచిలో చెయ్యి పెడితే టానిక్కు సీసా తగిలింది. ఏదో ఒకటి! మూత తీసి సగం సీసా గటగటా తాగేశాడు.

మిల్లు గోడ పక్కనుంచి నడుస్తున్నాడు. సగం గోడ దాటాడు...

గోడకి అవతల ఏదో శబ్దం.

గొంతు కాదది. బావి అడుగు నుంచి ఎద్దు రంకె వేసినట్టు, లోతుగా, ఆగకుండా, ఊఁ... ఊఁ... ఊఁ... అని. ఏసుపాదం ఆగి చెవి పెట్టాడు. "మిల్లు మోటారేమో" అనుకున్నాడు. మిల్లు మూతపడి పాతికేళ్ళు. కరెంటు కూడా లేదు.

చప్పున ఆగిపోయింది.

వెంటనే ఒక కేక! ఏ భాషో తెలియదు. "థోన్షో మా!" అని. గోడ మలుపు దగ్గర మంట ఒకటి లేచింది. ఆ మంట వెలుగులో...

ఒక ముసలావిడ.

నేల దాకా నల్లటి బట్ట. మొహం నిండా ముడతలు. రెండు చేతుల్లో ఒక గిన్నె. గిన్నెలోంచి పొగలు.

"మరియమ్మ తల్లీ..." అనబోయాడు. సగమే బయటికొచ్చింది. ముసలావిడ కూడా ఇతన్ని చూసి ఆగిపోయింది. ఇద్దరి మధ్యా నాలుగడుగులు లేవు.

పరిగెడితే మీసం పోతుంది. ఉంటే నాలుక పోతుంది. మీసమా, నాలుకా? పాపం ఏసుపాదం ఆ క్షణంలో కూడా మీసానికే ఓటేశాడండీ. నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించి వంగి దణ్ణం పెట్టాడు.

"భద్రమ్మ తల్లీ... అన్నీ సరిపోయాయి... ఉప్పు, కారం, చింతపండు అన్నీ... నన్నొదిలెయ్..."

ముసలావిడ అతని దణ్ణాన్ని చూసింది. మెల్లగా తల వంచింది. నోరు తెరిచింది.

నాలుక... చాపింది.

అది చాలదన్నట్టు, కీచు గొంతుతో తెలుగులో అంది: "ఒకటే రేటు. బేరం లేదు."

ఏసుపాదం కేకేద్దామని నోరు తెరిచాడు. కేక రాలేదు. నాలుక మాత్రం బారెడు బయటికొచ్చింది.

ఆ తరవాత ఏం జరిగిందో అతనికి సరిగ్గా గుర్తులేదు. గిన్నె కింద పెట్టిన చప్పుడు, మంట ఎగిరినట్టు, రెండు అరుపులు... కళ్ళు తెరిచేసరికి ఇంట్లో మంచం కింద ఉన్నాడు. క్యారేజీ సంచి లేదు. కుడి చెప్పు లేదు. మీసం ఉంది.

తెల్లారి ఆరింటికి లాజరు వచ్చాడు. కత్తి, సబ్బు, చెంబుతో నీళ్ళు అన్నీ తెచ్చుకున్నాడు. వెనకాల టీ కొట్టు జనం.

ఒట్టేశాడు కదా! ఏసుపాదం దుప్పటి కప్పుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. నాలుక దగ్గరికి రాగానే జనం "అమ్మో" అన్నారు. బేరం లేదన్న దగ్గర ఒకాయన కూర్చుండిపోయాడు. లాజరు మాత్రం చెంబులో బ్రష్షు ముంచాడు.

"చివరికి పరిగెత్తావా లేదా బావా?"

"ఇంట్లో ఉన్నానంటే... పరిగెత్తే ఉంటానురా."

"అయితే కూర్చో."

పై పెదవికి సబ్బు నురగ పూశాడు. ఏసుపాదం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా కత్తి ఆనించబోతుండగా గుమ్మంలో ఎవరో "ఏసుపాదం గారిల్లు ఇదేనాండీ?" అన్నారు.

ఇరవయ్యేళ్ళ అమ్మాయి. చేతిలో అతని క్యారేజీ. పేరూ ఫోన్ నంబరూ ముత్యాల్లాంటి అక్షరాలతో అతనే రాసుకున్న క్యారేజీ. ఆ అమ్మాయి పక్కన...

నేల దాకా నల్లటి బట్ట. మొహం నిండా ముడతలు.

ఏసుపాదం కెవ్వుమన్నాడు. నురగ లాజరు మొహాన పడింది. ముసలావిడ బెదిరిపోయి, మర్యాదగా తల వంచి, మళ్ళీ నాలుక చాపింది.

"భయపడకండి, భయపడకండి!" అందా అమ్మాయి. "నా పేరు పేమా. చలికాలం వస్తే రోడ్డు మీద స్వెట్టర్లు అమ్ముతాం చూడండి, ఆ టిబెట్ వాళ్ళం. ఈవిడ మా మోలా. అంటే నాయనమ్మ."

అప్పుడు తేలింది సంగతి. కర్ణాటకలో ముండగోడు దగ్గర వాళ్ళ కాలనీ. ఈసారి మోలా తనూ వస్తానని పట్టుబట్టిందిట. బుద్ధుడు కాలచక్ర తంత్రం బోధించింది అమరావతిలోనే అని వాళ్ళ నమ్మకం. పోయేలోపల ఆ స్తూపం చుట్టూ తిరగాలని ముసలావిడ కోరిక. వెళ్ళి, నూటెనిమిదిసార్లు తిరిగొచ్చింది. తిరునాళ్ళకి మిగిలిన సరుకు అమ్మేసి పోదామని మిల్లు పక్క గదిలో ఉన్నారు.

"రేపు మాకు కొత్త సంవత్సరమండీ," అంది పేమా. "దానికి రెండు రాత్రుల ముందు తొమ్మిది దినుసులతో సూప్ కాస్తాం. పిండితో బొమ్మ చేసి, ఇంట్లో పీడంతా దాని మీదికి పంపి, సూప్‌తో పాటు మూడు దార్ల దగ్గర పెట్టేసి రావాలి. ముందు ఫోన్‌లో మా సన్యాసుల బొంగురు గొంతు మంత్రం పెట్టి, గడ్డి కాగడా వెలిగించి, 'థోన్షో మా', అంటే 'బయటికి పో' అని అరుస్తాం. తిరిగి చూడకుండా ఇంటికెళ్ళాలి. రాత్రి గోడ మలుపు వెనక కాగడా పట్టుకున్నది నేనే."

"మరి ఆ నాలుక?" అన్నాడు లాజరు, మొహం తుడుచుకుంటూ.

పేమా నవ్వేసింది. "వెయ్యేళ్ళ కింద మా దేశంలో ఒక రాజుండేవాడు. గుళ్ళు మూయించాడు, సన్యాసుల్ని తరిమేశాడు. వాడి నాలుక నల్లగా ఉండేదట. మళ్ళీ పుడతాడేమోనని భయం. అందుకని పాతకాలం వాళ్ళు మర్యాద చెయ్యాలంటే నాలుక చూపిస్తారు. 'చూడండి, నల్లగా లేదు, నేను వాణ్ణి కాదు' అని. మా మోలా మీకు చెప్పింది కూడా అదేనండీ... నేను దెయ్యాన్ని కాదూ అని!"

జనం పకపకా నవ్వారు.

"తనకొచ్చిన తెలుగు ఆ రెండు ముక్కలే. స్వెట్టర్లమ్మేటప్పుడు నేర్చుకుంది. మీరు వేడుకుంటుంటే ఏదో ఒకటి మాట్లాడాలని అనేసింది. కానీ మీరేమో... ఒళ్ళంతా తెల్లగా... నాలుక చూస్తే..."

"టానిక్కమ్మా," అన్నాడు ఏసుపాదం నీరసంగా.

"అయినా ముసలమ్మని చూసి పరిగెత్తావు!" లాజరు మళ్ళీ కత్తి తీశాడు. "పందెం పందెమే బావా."

మోలా ఏంటని అడిగింది. పేమా వాళ్ళ భాషలో పందెం, మీసం అంతా చెప్పింది. ముసలావిడ ఏసుపాదం మీసం వంక జాలిగా చూసి, గబగబా ఏదో అంది.

"మోలా ఏమంటోందంటే, ఎనిమిదేళ్ళప్పుడు నాన్న వెనకాల రాత్రిళ్ళు మంచు కొండలు దాటి వచ్చిందట. నిన్న రాత్రి పరిగెత్తినంత జోరుగా అప్పుడు కూడా పరిగెత్తలేదట. మేం కాలవ వంతెన దాకా పోయినా మీరు కదల్లేదు. చేతులు జోడించి అలాగే నిలబడ్డారు. ముందు పరిగెత్తింది మేమే."

టీ కొట్టు జనం ఈలలేశారు! ఏసుపాదం దుప్పటి అవతల పారేసి లేచాడు. మోలా రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. నురగ తుడుచుకుని మీసం మెలేశాడు. లాజరు కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని మొహం చూడాలి అప్పుడు!

"సరే, వెళ్ళొస్తామండీ," అంది పేమా. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మీ ఆవిడకి మాత్రం సారీ చెప్పండి."

"మా ఆవిడకా? ఎందుకమ్మా?"

"తిరిగి చూడకూడదు గానీ... కింద పడ్డ కాగడా వెలుగులో, వంతెన మీద నుంచి ఒక్కసారి చూశాను. మీ వెనకాల నిలబడ్డావిడ ముందుకొచ్చి, మా గిన్నె దగ్గర కూర్చుని సూప్ రుచి చూశారు. ఉప్పు తక్కువైందని గట్టిగా అన్నారు, అంత దూరం వినపడింది. పొద్దున వెళ్ళి చూస్తే గిన్నె ఊడ్చినట్టుంది. మేం ఉప్పు తక్కువే తింటామండీ, ఏమీ అనుకోవద్దని..."

వీధిలో షేర్ ఆటో ఆగింది. నైట్ డ్యూటీ దిగిన తెరేసమ్మ, యూనిఫాం మీదే, జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చింది.

"ఏంటయ్యా ఈ గోల? రాత్రంతా తిరునాళ్ళ క్యాంపులో నిలబడి చచ్చాను..."

పేమా తెరేసమ్మ మొహంలోకి చూసింది. మోలా కూడా చూసింది. ముసలావిడ మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"ఈవిడ కాదండీ," అంది పేమా.

లాజరు చేతిలో చెంబు కింద పడింది. ఎవ్వరూ వంగి తియ్యలేదు.

ఏసుపాదం మీసం మాత్రం నిలబడింది. ఆముదం లేకుండా, ఎవరూ మెలెయ్యకుండా, వెంట్రుకకి వెంట్రుక నిక్కబొడుచుకుని నిలబడింది.