పట్టపగలు వెలిగిన లైటు

"వందనాలండి. మన పక్క పొద్దు సముద్రంలో ఎప్పటినుంచి గుంకతా ఉండాదండీ?"

ఫోనులో గొంతు కొత్తది. రెజీనా కంప్యూటరు వైపు చూసింది. సముద్రపొడ్డు పల్లెలో కట్టబోయే చర్చి హాలు బొమ్మ అది. హాలు వెనక సముద్రం, అందులో ఎర్రగా మునుగుతున్న సూర్యుడు. అందంగా ఉందని రెడీమేడ్ ఆకాశం తెచ్చి అతికించి, పొద్దున్నే సైటుకు పంపింది.

"అది ఉదయం అనుకోండి," అంది.

"కింద మీరే రాసినారు, సాయంకాల దృశ్యం అని. నేను జడ్సన్ అండీ, ఆడ సైటు సూపర్‌వైజర్ని. మీదే ఊరు?"

"కోట."

"అయితే మీకూ సముద్రం తూర్పునే!"

ఆమెకు సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

ఇంజనీరు నరేంద్రబాబు ఆఫీసంటే మేడమీద ఒక్క గది. ఆయన శనివారమే వస్తాడు. మిగతా రోజులు రెజీనా, కంప్యూటరు, ఫ్యాను. కింద ఫ్లెక్సీల షాపు అన్వర్ తప్ప పలకరించేవాళ్ళు లేరు. ఇంకా కట్టని, మనుషులు లేని ఇళ్ళ బొమ్మలకు ఎండ వేయడమే ఆమె పని.

మర్నాడు మళ్ళీ ఫోను.

"మీ కెమెరా కొంగ మాదిరి పైన ఎగరతా ఉండాదండీ. జనం నేలమీద నడిచి వస్తారు గదా."

బొమ్మను చూపించే కంప్యూటరు కెమెరాను మనిషి కంటి ఎత్తుకు దించి, తల పైకెత్తి చూసినట్టు తిప్పింది.

"ఇప్పుడు స్తంభాలు తాగినోళ్ళ మాదిరి వెనక్కి వాలతా ఉండాయి. పాస్టరుగారు చూస్తే ఏమంటారు?"

రెజీనా నవ్వింది. ఆ గదిలో తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

కెమెరాను నిటారుగా నిలిపితే స్తంభాలు సర్దుకున్నాయి. తెల్లగోడ మాత్రం ఎండకు వెలవెలపోయింది. ఎక్స్‌పోజర్ తగ్గించి ఆ వెలుగును అణిచింది. సాయంత్రం జడ్సన్ సైటు ఫోటో పంపాడు. ఇసుకమీద సరుగుడు చెట్ల నీడలు పొడుగ్గా పడి ఉన్నాయి.

"నాలుగున్నరకి ఎండ ఇట్టా పడతాది. మీకోసం నిలబడి తీసినా."

ఫోటోకన్నా ఆ చివరి మాటనే ఆమె ఎక్కువసార్లు చూసింది.

గురువారం అతనే చెప్పాడు. "ఆదివారం ఆరాధన అయినాక కమిటీకి చూపిస్తామండీ. ఓకే అంటే పని అయిపోయినట్టే."

అయిపోతే ఇక ఫోను మోగదు. శుక్రవారం బొమ్మ పూర్తయింది. ఎండ పడమటినుంచి మెత్తగా వచ్చి గోడను తాకింది. ఒక్క తప్పూ లేదు. అదే ఆమెకు దిగులైంది. చాలాసేపు చూసి, బొమ్మలో వరండా లైటు వెలిగించి అతనికి పంపింది. పట్టపగలు, అంత ఎండలో. అతను తప్పక తిడతాడు.

ఫోను రాలేదు. మెసేజి వచ్చింది: "ఓకే అండీ. వందనాలు."

శనివారమూ ఫోను మోగలేదు. ఆదివారం చర్చిలో పాట మధ్యలో ఆ లైటు గుర్తొచ్చి ఒక చరణం తప్పి పాడింది. మంచి పనిని చేతులారా పాడుచేసింది. దానికీ అతను పలకలేదు.

సోమవారం మధ్యాహ్నం మెట్లమీద చెప్పుల చప్పుడు. గుమ్మంలో సన్నగా, నల్లగా, చొక్కాకు సిమెంటు మరకలతో ఒక మనిషి.

"వందనాలండి."

గొంతు గుర్తుపట్టింది.

"కమిటీ ఏమంది?"

"ఓకే అనేసినారండీ." అతని ముఖం మాత్రం వేలాడుతోంది. "పట్టపగలు లైటు వెలగతా ఉంటే ఒక్కరికీ కనపళ్ళా. పైగా కమిటీలో మగ్దలీనమ్మగారికి ఆ లైటే నచ్చిందంట!"

"మీకు కనపడిందా?"

"చూడంగానే."

"మరి చెప్పలేదేం?"

జడ్సన్ నేలచూపులు చూశాడు. "నేను చెప్తే మీరు నిమిషంలో దిద్దేస్తారు. కమిటీ తిరగ్గొడితే ఇంకో వారం మీతో మాట్లాడొచ్చనుకున్నా. ఇప్పుడు ఫోను చెయ్యడానికి ఏం మిగల్లేదు. అందుకని బస్సెక్కినా."

రెజీనాకు కళ్ళు చెమర్చాయి, నవ్వూ వచ్చింది.

"అది మరిచిపోయి పెట్టింది కాదండీ. మీరు తిడతారని పెట్టినా."

అతను తలెత్తాడు. ఆమె ఖాళీ కుర్చీ అతని వైపు జరిపింది.

కిందనుంచి అన్వర్ కేకేశాడు. "రెజీనా, ఎవరమ్మా వచ్చినాడు? కస్టమరా?"

"కాదన్నా," అంది రెజీనా, అతన్నే చూస్తూ.