లేని లోపం

టేబుల్ మీద గడియారం లేదు. అది ఉండాల్సిన చోట దుమ్ము పట్టని గుండ్రటి మచ్చ మాత్రం ఉంది.

ఎస్సై ఆ మచ్చను ఫోన్‌లో ఫొటో తీసింది.

"ఎలాంటి గడియారం?"

"పాత అలారం గడియారం. నెత్తిన రెండు గంటలు, మధ్యలో చిన్న సుత్తి. కీ ఇచ్చేది," అంది చెల్లెలు.

"ఎంతకి అమ్ముడుపోతుంది?"

"అది అమ్మేది కాదండీ. అక్కది."

అక్క పోయి నెల దాటింది. ఈ రెండు గదుల్లోనే ఆమె ఆన్‌లైన్‌లో పాత సామాన్ల షాపు నడిపింది. పాత కెమెరాలు, పింగాణీ కప్పులు, మూత ఊడిన ఫౌంటెన్ పెన్నులు. మనం పారేసేవి ఆమె తుడిచి, ఫొటో తీసి, కావాలనుకునేవాళ్లకి పంపేది. ఇప్పుడు షాపు చెల్లెలి చేతికి వచ్చింది.

పక్క గదిలో అక్క భర్త కూర్చుని ఉన్నాడు. చెల్లెలికి బావ. మనమూ అలాగే పిలుద్దాం. ఆయనకు ఏడుపు రాలేదు. కోపం రాలేదు. కప్పు చేతిలో పెడితే తాగుతాడు, పెట్టకపోతే అడగడు. పోలీసులు వచ్చారని చెబితే "ఊఁ" అన్నాడు.

"ఎవరి మీదైనా అనుమానమా?"

"అనుమానం కాదండీ, ఆమే. మా ప్యాకింగ్ ఆవిడ."

ప్యాకింగ్ ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నడివయసు మనిషి. చేతిలో టేపు చుట్ట అలాగే ఉంది.

"ఎందుకు ఆమే అంటున్నారు?"

"అలారం పాడైంది కదా, రేపు మెకానిక్‌కి పంపిస్తానని నిన్న సాయంత్రం అందరి ముందూ అన్నాను. పొద్దున్నకి గడియారం లేదు. తాళంచెవి ఆమె దగ్గర ఉంది."

"ఇంకెవరి దగ్గర?"

"నా దగ్గర. బావకి తాళంతో పనేముంది, ఇల్లే ఆయనది."

"అలారం పాడైందని ఎలా తెలుసు?"

చెల్లెలు గొంతు తగ్గించింది.

"బావే చెప్పాడు. అక్కకి తెల్లవారుజామున ఒక మాత్ర వేయాలి. ఆ రోజు అలారం మోగలేదు. బావ లేచేసరికి అంతా అయిపోయింది."

ఎస్సై ప్యాకింగ్ ఆవిడ వైపు తిరిగింది.

"నువ్వేమంటావు?"

"నేను తీయలేదు మేడం. ఇంకో రెండు షాపులకీ నేనే ప్యాకింగ్ చేస్తాను. పగిలిపోయేవి, మళ్లీ దొరకనివి నమ్మి నా చేతిలో పెడతారు. దొంగ అని పేరు పడితే ఇంకెవరు పెడతారు?"

ఆమె భయపడినట్టే అయింది. మధ్యాహ్నానికి ఆ రెండు షాపులూ రావద్దన్నాయి. నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారట. నిప్పు ఎక్కడుందో చూసే తీరిక ఎవరికీ లేదు.

వారం తర్వాత గడియారం ఎస్సైకి ఇంటర్నెట్‌లో దొరికింది. కొత్తగా తెరిచిన షాపు. అందులో ఒకే ఒక వస్తువు. అప్పటికే అమ్ముడుపోయింది. షాపు తెరిచిన ఫోన్ ఏదని ఆరా తీస్తే, ఈ ప్యాకింగ్ గదిలో పడి ఉండే ఫోనే అని తేలింది. ముగ్గురూ వాడేదే. వచ్చిన డబ్బు ఆ వెబ్‌సైట్‌లోనే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎస్సైకి ఆ వెసులుబాటు లేదు. పై అధికారులు ఒప్పుకోరు.

ఆమె కొన్నాయనకి ఫోన్ చేసింది. రిటైరైన బస్సు కండక్టర్.

"అలారం మోగుతోందా?"

"మోగడమేంటమ్మా, ఒక్కరోజు తప్పితే ఒట్టు. పక్కింటివాళ్లు కూడా దాంతోనే లేస్తున్నారు, తిట్టుకుంటూ."

"మీరు బాగుచేయించారా?"

"పాడైతే కదా బాగుచేయించడానికి."

గడియారం పార్సిల్‌లో స్టేషన్‌కి వచ్చింది. మెకానిక్ భూతద్దం పెట్టి వెనకవైపు చూశాడు. స్క్రూల మీద పాత వార్నిష్ అతుక్కునే ఉంది. ఏళ్ల తరబడి దీన్ని ఎవరూ విప్పలేదని చెప్పాడు.

మర్నాడు ఎస్సై ముగ్గురినీ ప్యాకింగ్ గదిలోకి పిలిచింది. టేబుల్ మీద కొన్నాయనకి గడియారం వెళ్లిన అట్టపెట్టె, పక్కన గడియారం.

పెట్టెను చూడగానే చెల్లెలు అంది, "చూడండి మేడం. టేపు కొస మడిచి ఉంది. కొన్నవాళ్లకి కత్తి అక్కర్లేకుండా ఊడొస్తుందని ప్యాకింగ్ ఆవిడ ఇలా మడుస్తుంది. ఆమె చెయ్యే ఇది."

ఎస్సై మూడు ఖాళీ పెట్టెలు తీసి ముగ్గురి ముందూ పెట్టింది.

"టేపు వేయండి."

వేశారు. చెల్లెలు కొస మడిచింది. ప్యాకింగ్ ఆవిడ మడిచింది. బావ కూడా ఎటో చూస్తూ మడిచాడు. ముగ్గురికీ నేర్పింది ఒక్క మనిషే. చెల్లెలు తన పెట్టె వైపు చూసి తల దించుకుంది.

"కాబట్టి టేపు వదిలేద్దాం," అంది ఎస్సై. "ఈ షాపుల్లో లోపాలన్నీ ముందే రాస్తారు కదా?"

"రాయాలండీ," అంది చెల్లెలు. "సొట్ట, గీత, తుప్పు, అన్నీ. దాస్తే వస్తువు వెనక్కొస్తుంది, షాపు పేరు పోతుంది. అక్క మాకు మొదట నేర్పింది అదే."

ఎస్సై ఫోన్ తీసి చదివింది.

"కుడి గంట మీద సొట్ట. నిజమే, ఉంది. అద్దం అంచున గీత. ఉంది. అలారం నమ్మకంగా మోగదు. మందులు వేసుకునేవాళ్లు కొనవద్దు."

ఎస్సై ఫోన్ పక్కన పెట్టింది.

"ఉన్న లోపం దాచేవాళ్లని చాలామందిని చూశాను. లేని లోపం రాసినవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను. మోగే గడియారాన్ని మోగదని రాస్తే ధర పడిపోతుంది. దొంగకి ఆ పని ఎందుకు?"

ఆమె కీ ఇచ్చి ముల్లు తిప్పింది.

గంట మోగింది. చిన్న గదిలో చెవులు పగిలేలా మోగింది. చెల్లెలు చెవులు మూసుకుంది. ప్యాకింగ్ ఆవిడ వెనక్కి జరిగింది. బావ చెయ్యి ముందుకు వచ్చింది. ఆయన చూడనైనా చూడకుండా, వెనకనున్న మీటను బొటనవేలితో నొక్కాడు. చప్పుడు ఆగిపోయింది.

తన చేతిని తానే చూసుకున్నాడు.

"ఆ రోజూ మోగింది," అన్నాడు. "ఇలాగే ఆపాను. ఒక్క నిమిషం అనుకుని పడుకున్నాను."

గొంతులో తేడా లేదు. కరెంటు పోయిందని చెప్పినట్టు చెప్పాడు.

"మెకానిక్ చూస్తే తెలిసిపోతుందని తీశారు. అవునా?"

"ఊఁ."

"పారేయొచ్చు కదా?"

"తన వస్తువు. పారేయలేకపోయాను. దూరంగా ఎవరైనా ఉంచుకుంటే బాగుండుననిపించింది. మోగదని అందరికీ చెప్పాను కదా. రాసేటప్పుడు కూడా అదే వచ్చింది."

చెల్లెలు బావ దగ్గరికి వచ్చింది.

"అక్క పిలిచిందా బావా?"

"తెలీదమ్మా. నిద్రపోయాను."

చెల్లెలు గోడకి చేరగిలబడింది. బావను తిట్టాలో పట్టుకుని ఏడవాలో ఆమెకు తోచలేదు. రెండూ చేయలేదు. కాసేపటికి ప్యాకింగ్ ఆవిడ వైపు తిరిగింది.

"తప్పయిపోయింది. రేపట్నుంచి పనిలోకి రా."

"పని మాట తర్వాతమ్మా."

ప్యాకింగ్ ఆవిడ బావ ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"అయ్యా, నెలల తరబడి ఆమెకి ఎంత చేశారో నేను కళ్లారా చూశాను. అన్నం తినిపించారు, ఒళ్లు తుడిచారు, పక్క మార్చారు. ఒక్క పూట కునుకు పడితే దానికి నేనేమీ అనను. ఎవరన్నా అంటే నేనే అడ్డం పడతాను."

బావ తల ఊపాడు.

"కానీ ఈ గుమ్మంలో నన్ను దొంగ అంటుంటే, మీరు ఆ గదిలో కూర్చుని విన్నారు. ఆ రోజు మీరు నిద్రపోలేదు కదయ్యా."

నెలకు పైగా బావకు ఏదీ నొప్పి పుట్టించలేదు. జనం చెప్పిన ఓదార్పులు తగల్లేదు. ఇందాకటి గంట కూడా తగల్లేదు. ఈ మాట తగిలింది. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. వాటిని ఏం చేయాలో తెలియనట్టు అలాగే నిలబడ్డాడు.

ప్యాకింగ్ ఆవిడ ఆగింది. ఓదార్చలేదు. ఆయన ముఖం తుడుచుకునేదాకా చూసి, అప్పుడు అంది.

"రెండు షాపులున్నాయి. రెండు చోట్లా మీరే చెప్పాలి."

బావ చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"ముందు ఎక్కడికి?" అని అడిగాడు.