సబ్బు నురగలో దొరికిన చిల్లు

"టర్బో మార్చాలె అంటే చెప్పు, గిట్నుంచి గిటే పోత. గా మాట ఇప్పటికే ఇద్దరు మెకానిక్‌లు చెప్పిన్రు," అంది కోమల, తాళాలు బల్ల మీద విసిరి.

"నేనింకా నోరే తెరవలే మేడం!" అన్నాడు గోపాల్ బిత్తరపోయి.

కరీంనగర్ బైపాస్ పక్కన అతని మెకానిక్ షెడ్డు. ఆమె ఇచ్చోడలో నర్సు. ప్రతి సోమవారం కారులో డ్యూటీకి వెళ్తుంది. మొన్న నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుంటే కారు ఉన్నట్టుండి నీరసపడింది. ఎంత తొక్కినా లాగదు. వెనక బొగ్గు లారీ, ఆగని హారన్. ఆ సంగతి చెప్తూ ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. కోపమంతా భయమేనని గోపాల్‌కు అర్థమైంది.

టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి దారిలో ఎక్కడో కారిపోతోందని అతని అనుమానం. కనిపెట్టే మిషన్ లేదు. నీళ్ల పైపు మూతకు రంధ్రం చేసి టైరు వాల్వు బిగించాడు. దాన్ని టర్బో మూతికి తొడిగి, కంప్రెసర్‌తో గాలి పట్టాడు. పైపుల మీద సబ్బునీళ్లు పూశాడు; గాలి కారే చోట బుడగలు కట్టాలి.

ఠప్! మూత ఊడి అతని చెవిని గీరుకుంటూ షెడ్డు రేకుకు తగిలింది. నెత్తురు.

"కదలకు జర!" కోమల దూదితో ఒత్తింది. "కన్నుకు తాకితే ఎట్లుండె?"

"నీకు తాకితే ఎట్లని నేను పరేషానైతున్న," అన్నాడు. 'మేడం' అనడం మరిచాడు.

మూత మళ్లీ ఊడకుండా క్లాంపు గట్టిగా బిగించి, ఆమెను గోడ వెనక్కి పంపి, ఈసారి గాలి మెల్లగా పట్టాడు. సన్నగా బుస్సుమంది. రబ్బరు పైపు అడుగున తెల్లటి నురగ!

"దొరికింది!"

కొత్త పైపు వేశాడు. అయినా ఆమె ముఖం తేటపడలేదు. "ఘాట్ మీద ఒక్కదాన్నే పోలేను. నువ్వు రా."

సోమవారం పొద్దున వాన. ఘాట్ మలుపులో వెనక లారీ దగ్గరికొచ్చింది. స్టీరింగ్ మీద కోమల పిడికిళ్లు తెల్లబడ్డాయి.

"తొక్కాల్నా?"

"తొక్కు." గోపాల్ తలుపు పిడి పట్టుకున్నాడు. ఇంకో చిల్లు ఉంటే?

కారు ఒక్క ఊపున లాగింది. లారీ వెనకబడింది.

పైకెక్కాక ఆమె పక్కకు ఆపి, కళ్లు తుడుచుకుంది.

"భయం పోయిందా?"

"కారుది పోయింది. నువ్వు ఇచ్చోడల బస్సెక్కి పోతే మల్ల కనవడవేమోనని ఇంకో భయం."

అతను వాన కారుతున్న అద్దం వైపు చూస్తూ అన్నాడు, "కారు మంచిగైతే నువ్వు షెడ్డుకు రావని నాకు రాత్రంతా నిద్ర పట్టలే. నువ్వంటే ఇష్టం కోమలా."

ఆమె నవ్వింది. "గట్లైతే మా బాపుతోని ఎప్పుడు మాట్లాడ్తవ్?"

గోపాల్‌కు అసలు భయం అప్పుడు మొదలైంది. అయినా, "ఆయితారం షెడ్డుకు సెలవు, మీ ఇంటికొస్త," అన్నాడు.