పైడమ్మ గుమ్మంలో ఎర్రదీపం

హైమవతి ఫ్రిజ్‌లోంచి నిన్నటి పులిహోర, మొన్నటి సాంబారు తీసి స్టీలు డబ్బాల్లో సర్దింది. సింకు కింద కసవుకన్ను నోరు తెరుచుకుని ఉంది. తనలో పడ్డ ప్రతిదాన్నీ ఆ యంత్రం వాసన చూసి, తూచి, తొక్కల్ని ఎరువుకూ ప్లాస్టిక్‌ను కరిగింపుకూ పంపేస్తుంది. వండిన తిండి పారేస్తే మాత్రం ఊరుకోదు. గుమ్మం మీది దీపాన్ని ఎర్రగా మార్చి వీధికంతా చాటుతుంది. అది ఇంటింటికీ వచ్చిన ఈ ఆరేళ్లలో విజయనగరంలో చెత్తకుప్పలు మాయమయ్యాయి.

హైమవతి గుమ్మంలో రెండువందల పన్నెండు రోజులుగా పచ్చదీపమే. అందుకే వీధివాళ్లు ఆమెను శుభ్రత చూసే శుచిపెద్దగా ఎన్నుకున్నారు. ఆ పచ్చదనం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడ ఆలోచించిన పాపాన పోలేదు.

"పైడమ్మా, ఇదిగో, పిల్లలకి పెట్టు" అంది, గిన్నెలు తోముతున్న పనిమనిషితో.

"అలాగేనమ్మగోరూ" అని పైడమ్మ డబ్బాలు సంచిలో పెట్టుకుంది. ఆ సంచిలో అప్పటికే ఇంకో ఐదిళ్ల డబ్బాలున్నాయి.

మధ్యాహ్నం పురపాలక సంఘం నుంచి కబురొచ్చింది. పైడమ్మ ఇంట వరసగా మూడో నెల ఎర్రదీపం. శుచిపెద్ద వెళ్లి చూసి వేలిముద్ర వేస్తే ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి ఊరవతల శిక్షణ శిబిరానికి పోవాలి. హైమవతికి ఒళ్లు మండింది. పదకొండేళ్లుగా ఇంత పెడుతుంటే పారబోస్తుందా!

పైడమ్మది ఒంటిగది ఇల్లు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. హైమవతి కూర్చోకుండానే, ఏమేం పారేశారో చెప్పమని కసవుకన్ను మీద వేలు పెట్టింది.

"పులిహోర. సాంబారు. పులిసిన ఇడ్లీలు" అంటూ యంత్రం ఆ నెల జాబితా చదివింది. "ఈ ఇంట వండినవేనా అని అడిగితే, ప్రతిసారీ అవుననే జవాబు వచ్చింది."

పులిహోర అన్నమాట వినగానే హైమవతి చెవులు వేడెక్కాయి.

"అవునని ఎందుకన్నావే?"

"మరేటనాలమ్మగోరూ? పెట్టిన మిమ్మల్ని యంత్రానికి సెప్పి రచ్చకీడవనా?"

"తినొచ్చు కదా!"

పైడమ్మ పొయ్యి సెగ తగ్గించింది. "మాం పొద్దుటా సాయంత్రం ఒండుకుంటామమ్మా. మా ఇంట్లో నిలవకూడు ఎవులూ ముట్టరు. మొన్నటిదాకా పక్కింటోల్ల గేది కుడితిలో కలిపీసీదాన్ని. మూణ్ణెల్లయింది, గేదిని అమ్మీసినారు. ఈదిలో మెతుకు రాలితే పట్టీసుకుంతారు. ఇంకెక్కడెయ్యను?"

పదకొండేళ్లు! పండగనాడు చుట్టాల ముందు తన ధర్మగుణం చెప్పుకున్న సందర్భాలన్నీ హైమవతికి గుర్తొచ్చాయి. ఛీ, గేదెకి పెట్టి ఎంత మురిసిపోయింది! ఇప్పుడు తలుపు తీసుకుని వెళ్లిపోతే ఆ పులిహోర ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు మరీ సిగ్గేసింది.

"వద్దని నాతో ఒక్కమాట అనలేకపోయావా?"

"మీరు పేమగా ఇత్తుంటే, వద్దనడానికి నోరెలా వత్తాదమ్మగోరూ?"

హైమవతి మళ్లీ కసవుకన్ను మీద వేలు ఆనించింది.

"పులిహోర, సాంబారు మా ఇంటివి. ఇడ్లీలూ మావే. మిగతావీ ఈవిడవి కావు, మా వీధివి" అంది.

"నమోదైంది" అంది యంత్రం. "ఈ ఇంటి మీద చర్య రద్దు. మీ ఇంట ఎర్రదీపం."

పైడమ్మ దండం పెడుతుందేమోనని హైమవతి చూసింది. చూసినందుకు తనను తానే తిట్టుకుంది. పైడమ్మ దండం పెట్టలేదు. అన్నం దింపి గంజి వార్చింది. కంచం కడిగి, పొగలు కక్కే అన్నం, బెండకాయ పులుసు వడ్డించి పీట వాల్చింది.

"ఎండలో పడొచ్చినారు. కూకోండమ్మగోరూ. ఇప్పుడే ఒండినాను."

హైమవతి ఇంట్లో భోంచేసే వచ్చింది. ఆ మాట చెప్పడానికి ఆమెకు ముఖం చెల్లలేదు.