వార్చిన నీళ్ళు

"ఇది కూరా, తులసీ? గేదె కుడితిలో కూడా ఇంతకంటే రుచుంటుందే!"

సీతారత్నం తమ్ముడి ముందున్న కంచాన్ని విసురుగా పక్కకు నెట్టేసింది. ఆనపకాయ ముక్కలు గచ్చంతా చిందాయి. లక్ష్మీతులసి గుమ్మం పట్టుకుని నిలబడి చూసింది. పొద్దున్నే లేచి ముక్కలు సన్నగా తరిగి, నీళ్ళలో నానేసి, ఉడికించి వార్చి, జీలకర్రా వెల్లుల్లీ పోపు పెట్టిన కూర అది...! ఉప్పు లేదు, నిజమే. ఆ లోటు నాలుక్కి తెలియకూడదని ధనియాలూ మిరియాలూ దోరగా వేయించి దంచి, దింపబోయేముందు నిమ్మచెక్క పిండి, ఎంత తాపత్రయపడిందో ఆ ఆడపడుచుకేం తెలుసు! మామిడికుదురు నుంచి క్యారేజీ నిండా వంట మోసుకొచ్చిన మనిషికి ఎదుటివాళ్ళ వంట ఎక్కడ ఆనుతుంది!

"వదినగారూ, డాక్టరుగారు ఇలాగే పెట్టమన్నారండి..."

"డాక్టరు చెప్పేడని మనిషిని మాడ్చేస్తావా? చూడు, ఎలా అయిపోయేడో నా తమ్ముడు! కంద బచ్చలి చేసి తెచ్చేను, ములగాకు పప్పు తెచ్చేను. తిను సూరిబాబూ, నేను కలిపి పెడతాను!"

తులసి ఒక్క అంగలో వచ్చి క్యారేజీకి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దండి... మీకు దణ్ణం పెడతానండి... అది ఆయన పాలిట విషమండీ!"

అంతే! ఇల్లు దద్దరిల్లిపోయింది. నా చేతి వంట విషమా అని సీతారత్నం రాగం అందుకుంది. వీధిలో వాళ్ళు ప్రహరీ మీంచి తొంగిచూశారు. సూరిబాబు ఒక్క ముద్దైనా తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు. సాయంత్రం క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోతూ సీతారత్నం గుమ్మంలో అన్న మాట మాత్రం తులసి గుండెలో దిగబడిపోయింది. "నా తమ్ముడికేమైనా అయిందో, నిన్ను వదలను!"

ఒకప్పుడు పలివెలలో వంటంటే తులసి పేరే చెప్పేవారు. కందిపప్పులో ములగాకు వేసి ఆవిడ ఎనిపితే ఆ వాసనకు పక్కింటి పిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చేసేవారు. ఆవపెట్టిన పనసపొట్టు కూరకైతే చెప్పనే అక్కర్లేదు! అటువంటి మనిషికి ఇప్పుడు వంటిల్లే ఒక పరీక్ష అయిపోయింది. కువైట్‌లో కారు తోలుతూ బి.పి. సంగతి పట్టించుకోక, రెండు కిడ్నీలూ పాడుచేసుకుని సూరిబాబు ఇంటికొచ్చి ఏడాది దాటింది. మిగిలిన కాస్త శక్తినీ కాపాడాల్సింది మందులకంటే మీ వంటేనమ్మా అని అమలాపురం డాక్టరు తులసికి నొక్కి చెప్పాడు. ఉప్పు చిటికెడు. పప్పు రవ్వంత. అరటిపళ్ళూ కొబ్బరిబొండాలూ దగ్గరకు రానివ్వకూడదు. ఏ కూరైనా, ఏ ఆకైనా బోలెడు నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు వార్చి పారబోయాలి. "కూరల్లో ఉండే పొటాషియం ఆ నీళ్ళలోకి దిగుతుందమ్మా. మనకది బలమే. ఈయన కిడ్నీలు దాన్ని బయటకు పంపలేవు. ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోతుంది."

ఇంటికొచ్చి నీళ్ళు పారబోయాలిట అని అత్తగారికి చెప్పింది గానీ, గుండె మాట మాత్రం తులసి చెప్పలేదు. పెద్దావిడ బెదిరిపోతుందని దాచుకుంది. దాచకుండా ఉంటే ఎంత బాగుండును!

కోనసీమలో పుట్టి బొండాం వద్దనడమంటే మాటలా! కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చిన ఎర్రయ్య, చెట్టు దిగుతూనే లేత గెలొకటి తెచ్చి అరుగు మీద పెట్టేవాడు. "బాబుగారికి చలవండమ్మా, కాదనకండి" అనేవాడు. తులసి చేతులు జోడించి తిరిగిచ్చేసేది. మొగుడికి బొండాం కూడా పెట్టని ఇల్లాలని వీధిలో చెప్పుకున్నారు. చెప్పుకోనీ అనుకుంది! తనూ ఆ చప్పిడి కూడే తింటున్న సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోలేదు.

అత్తగారు వీరాయమ్మది ఇంకో బాధ. ఆవిడ పెద్దకొడుకు నాలుగేళ్ళవాడై ఉండగా జ్వరంలో పోయాడు. అడిగాడు కదా అని ముందురోజు ఇంత పెరుగన్నం పెట్టిందావిడ. చేజేతులా పెట్టి చంపుకుందని ఆవిడ అత్తగారు బతికినంతకాలం దెప్పుతూనే ఉంది. ఈ వయసులో కూడా ఎవరైనా పెరుగన్నం ముద్ద కలిపితే వీరాయమ్మ మొహం తిప్పుకుంటుంది. అలాంటి తల్లికి, మిగిలిన ఒక్క కొడుకూ కళ్ళ ముందు కరిగిపోతుంటే ఎలా ఉంటుంది! ఆ ఇంట్లో గంజి పారబోయరు, పెసలు నానబెట్టిన నీళ్ళు పారబోయరు, ఆకు ఉడికిన నీళ్ళు అసలే పారబోయరు. అన్నీ చారులోకే.

"సారమంతా వార్చేసి నా కొడుక్కి పిప్పి పెడుతున్నావే!" అని గొణిగేది. మళ్ళీ తనే లేచి, "ఇలా తే ఆ గిన్నె, ఆనపపాదులో పోసొస్తాను. నువ్వు పొయ్యి చూసుకో" అని రెండు పూటలా పట్టుకుపోయేది. సాయంత్రం చారు మాత్రం ఆవిడదే. తులసి కాపురానికి రాకముందు నుంచీ ఆవిడ చారు కాచే సత్తుగిన్నె మీద ఇంకెవరి చెయ్యీ పడలేదు.

"చారులో ఉప్పు వెయ్యకండి అత్తయ్యగారూ. చింతపండు వద్దండి, పప్పుతేట కూడా..."

"ఆయ్, వెయ్యనులేవే! ఒట్టి నీళ్ళలో మిరియాలూ జీలకర్రే. అంతమాత్రం నాకు తెలీదా!"

సీతారత్నం వచ్చివెళ్ళిన వారంలోనే పిడుగు పడింది. పొద్దున మంచం దిగబోయిన సూరిబాబుకు కాళ్ళు లేవలేదు. గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. కారు మాట్లాడి అమలాపురం తీసుకెళ్ళేసరికి ఒళ్ళంతా చల్లబడింది. ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు ఇచ్చి, ప్రాణం నిలబడ్డాక డాక్టరు బయటకొచ్చి అందరి ముందూ తులసి మీద విరుచుకుపడ్డాడు.

"ఏం పెడుతున్నారమ్మా ఈయనకి? రక్తంలో పొటాషియం ఎంత పెరిగిపోయిందో తెలుసా? ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు! అంత చెప్పి పంపేను కదా!"

"మీరు చెప్పినట్టే చేసేనండి... దేవుడి మీద ఒట్టండి..."

"వండేది నువ్వేగా! ఇంకెవరు పెడతారు?" కబురందుకుని పరుగున వచ్చిన సీతారత్నం అందరూ వింటుండగా అరిచింది. "నా వంట విషమంది మహాతల్లి! వీణ్ణి ఇంక ఆ ఇంటికి పంపను. డిశ్చార్జి కాగానే మా ఊరు తీసుకుపోయి కడుపునిండా నేను పెట్టుకుంటాను. నువ్వు మీ పుట్టింటికి పో!"

తులసి భర్త వైపు చూసింది. ఆ కళ్ళలో ఒక్క నమ్మకం కనబడితే చాలు, లోకమంతా కాదన్నా బతికెయ్యగలదు! సూరిబాబు నీరసంగా పెదవులు కదిపాడు. "ఏం పెట్టేవు తులసీ?"

ఆ మాటతో తులసి లోపల ఏదో తెగిపోయింది. మామిడికుదురులో కడుపునిండా పెట్టడమంటే ఏమిటో తనకు తెలుసు. కంద బచ్చలి, అరటికాయ వేపుడు, పూటకో బొండాం... నెల తిరక్కుండా మనిషి ఉండడు!

భర్తకు బట్టలు తెమ్మంటే ఇంటికెళ్ళింది. తాళం తీసి, దొడ్లో ఆరేసిన పంచెల కోసం వెళ్ళి, ఆనపపాదు దగ్గర ఆగిపోయింది. తీగ వడిలి పందిరి మీద వేలాడుతోంది. మొదట్లో నేల బీటలు వారి ఉంది. నిన్నటి ఎండకు కాదు, ఎన్నాళ్ళుగానో నీళ్ళెరగని నేల అది. రెండు పూటలా అత్తగారు గిన్నెతో నీళ్ళు తెచ్చి పోసే పాదు...!

పరుగున వంటింట్లోకి వెళ్ళి సత్తుగిన్నె మూత తీసింది. అడుగున మిగిలిన చారు చిక్కగా, పచ్చగా ఉంది. మిరియాల ఘాటు వెనకాల తోటకూర వాసన, ఆనపకాయ వాసన, తను ఉడికించి వార్చిన ప్రతి కూర వాసనా ఉంది. రెండు పూటల నీళ్ళనూ దాచి, మరగబెట్టి, ఆ సారాన్నంతా గ్లాసులో పోసి కొడుక్కిచ్చింది కన్నతల్లి!

"అయ్యో అత్తయ్యగారూ...!" తులసి పొయ్యి దగ్గరే కూలబడిపోయింది. కోపం వచ్చింది. వెంటనే, వేడి చారును ఊది ఊది చల్లార్చి కొడుకు నోటికందించే ఆ ముడతల చెయ్యి గుర్తొచ్చింది. ఉప్పు వద్దంటే వెయ్యలేదు. పులుపు వద్దంటే వెయ్యలేదు. ఒట్టి నీళ్ళే కదా అనుకుంది, పిచ్చితల్లి! ఇప్పుడీ నిజం నలుగురిలో చెబితే... పెరుగన్నం ముద్దతో ఒక కొడుకుని, చారు నీళ్ళతో రెండో కొడుకుని అంటారు. విన్న రోజే ఆవిడ ప్రాణం తీసుకుంటుంది. చెప్పకపోతే మామిడికుదురులో భర్త దక్కడు. భగవంతుడా, ఎవర్ని చంపుకోమంటావు!

కళ్ళు తుడుచుకుని, బట్టల సంచీ పట్టుకుని బయల్దేరింది.

ఆసుపత్రిలో డాక్టరు మంచం దగ్గరున్నాడు. వీరాయమ్మ కొడుకు కాళ్ళు ఒత్తుతోంది. తులసి అందరికీ వినబడేలా, అత్తగారి వైపు చూడకుండా అంది.

"డాక్టరుగారూ, తప్పు నాదేనండి. కూరలు వార్చిన నీళ్ళు పారబొయ్యలేక చారులో పోసేనండి. బలమొస్తుందనుకున్నాను. ఆ నీళ్ళు ఎందుకు వద్దన్నారో వీళ్ళందరి ముందూ ఇంకోసారి చెప్పండి. ఆయన ఎక్కడున్నా, ఎవరు వండినా, ఆ తప్పు మళ్ళీ జరక్కూడదండి..."

డాక్టరు తల పట్టుకున్నాడు. "ఆ నీళ్ళేనమ్మా ప్రమాదం! కూరలో ఉన్నదంతా అందులోకే దిగుతుంది. ఇంక వార్చి లాభమేముంది? గుండె ఆగేది ఆ చారుతోనే!"

వీరాయమ్మ చేతులు కొడుకు పాదాల మీద ఆగిపోయాయి.

"విన్నారా! తన నోటితోనే ఒప్పుకుంది!" సీతారత్నం తులసి జబ్బ పట్టుకుని గుంజింది. "కట్టుకున్నవాడికి తెలిసి తెలిసి పోసేవా! పో బయటికి!"

"దాన్ని వదలవే సీతా!"

ఆ గొంతు వీరాయమ్మదని ఎవరికీ వెంటనే తోచలేదు. మంచం కోడు పట్టుకుని లేచింది. "ఆ చారు కాచింది నేను. పాదులో పోస్తానని పట్టుకెళ్ళి, దాచి, కాచి పోసేను. దీనికేం తెలీదు. నన్ను అనవలసిన మాటలు అది మీదేసుకుంటోందే...! పెద్దాడప్పుడు నా తరఫున ఒక్కరు మాట్లాడలేదు. ఒక్కరు! ఇది మాట్లాడింది. దీని కాళ్ళు పట్టుకున్నా నా రుణం తీరదు!"

"అత్తయ్యగారూ, అంత మాటొద్దండి!" తులసి ఒక్క ఉదుటున వచ్చి ఆవిడను గుండెకు హత్తుకుంది. ఇద్దరూ బావురుమన్నారు. సూరిబాబు తలగడ మీద మొహం పక్కకు తిప్పుకుని, "నన్ను క్షమించు తులసీ... నిన్నడిగేను చూడు, ఆ మాట..." అంటూ ఏడ్చాడు. సీతారత్నం పమిట నోట్లో కుక్కుకుని గోడకు జారగిలబడింది. తమ్ముడికని ఈసారీ వండి తెచ్చిన క్యారేజీ ఆవిడ చేతి సంచీలోనే ఉంది. చాలాసేపటి తర్వాత లేచి, దాన్ని బయట కాపలావాడికి ఇచ్చేసి వచ్చింది.

సూరిబాబును పలివెలకే తీసుకొచ్చారు. గండం గడిచిందే గానీ జబ్బు పోలేదు. ముందు ముందు డయాలసిస్ తప్పదని, ఆ రోజును ఎంత దూరం జరపగలరో మీ చేతుల్లోనే ఉందని డాక్టరు చెప్పాడు. తులసి మళ్ళీ తరిగింది, నానేసింది, వార్చింది. వార్చిన గిన్నె వైపు వీరాయమ్మ వారం రోజులు కన్నెత్తి చూడలేదు. పొయ్యి దగ్గరకే రాలేదు. తులసే తీసుకెళ్ళి పాదులో పోసేది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, భర్తకు పెట్టేసి, మిగిలిన చప్పిడి కూర తనకు వడ్డించుకోబోతున్న తులసి చేతిని వీరాయమ్మ పట్టుకుంది. కంచంలోంచి ఆ కూర తీసేసింది. వెనక నుంచి మూతపెట్టిన గిన్నె తెచ్చింది. ములగాకు పప్పు! దాని పక్కనే సత్తుగిన్నె, పొగలు కక్కుతూ.

"అత్తయ్యగారూ! ఇదేంటండీ..."

"వాడికి కాదు, నీకు. పొద్దున నువ్వు వార్చిన నీళ్ళే. ఉప్పేసేను, పులుపేసేను." వీరాయమ్మ కోడలి చెయ్యి ఎత్తి చూసింది. "ఏడాదిగా వాడి మొహమే చూసేను గానీ నీ మొహం చూడలేదే తల్లీ... చేతుల్లో గాజులు నిలవట్లేదు నీకు!"

గ్లాసులో చారు పోసి, ఊది, ఊది, చల్లార్చి కోడలి చేతిలో పెట్టింది. తులసి కళ్ళ నిండా నీళ్ళతో చారు తాగుతుంటే, గ్లాసు ఖాళీ అయ్యేదాకా వీరాయమ్మ పక్కనే కూర్చుని చూసింది.